వేలియం సృష్టికర్త లియో స్టెర్న్‌బాక్

మన ఇళ్ళలో అరవై దాటిన పెద్దల మందుల పెట్టె తెరిచి చూస్తే, రక్తపోటు, మధుమేహం మాత్రల నడుమ మరొక చిన్న మాత్ర తరచుగా కనిపిస్తుంది. నిద్ర పట్టడం లేదనో, గుండె దడగా ఉంటోందనో చెప్పుకున్నప్పుడు ఎప్పుడో ఒక వైద్యుడు పదిరోజులకని రాసి ఇచ్చినది అది. ఆ పదిరోజులు పదేళ్ళయినా మాత్ర మాత్రం ఆగదు. ఒక తరంవారు దానిని కాంపోజ్ అన్నారు. తరువాతి తరంవారు అల్ప్రాజోలం అంటున్నారు. మరికొందరి చీటీలో అది క్లోనాజిపామ్‌గానో, లోరాజిపామ్‌గానో ఉంటుంది. పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే వంశానికి చెందిన మందులు. వైద్యశాస్త్రం ఆ వంశాన్ని బెంజోడయాజిపైన్‌లని వ్యవహరిస్తుంది.

ఈ వంశానికి మూలపురుషుడైన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్. కోట్లమందికి నిద్రనిచ్చిన మందు ఆయన చేతిమీదుగానే వచ్చింది. ఆ మందే లక్షలమందిని విడిపించుకోలేని బంధంలోకి నెట్టింది. ఆయన జీవితం తెలుసుకుంటే, మన పెట్టెలోని చిన్న మాత్రను ఎంత గౌరవించాలో, ఎంత జాగ్రత్తగా వాడాలో రెండూ తెలుస్తాయి.

సరిహద్దు పట్టణంలో బాల్యం

1908 మే 7న ఎడ్రియాటిక్ సముద్రతీరంలోని అబ్బాజియా పట్టణంలో లియో స్టెర్న్‌బాక్ జన్మించారు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఇటలీ వశమైంది. ఈనాడు ఒపాటియా అనే పేరుతో క్రొయేషియాలో ఉంది. ఊరు కదలలేదు, సరిహద్దులే కదిలాయి. తండ్రి మైకేల్ పోలిష్ యూదుడు, వృత్తిరీత్యా మందుల దుకాణం నడిపేవాడు. తల్లి పిరోష్కా హంగరీ దేశపు యూదు కుటుంబంలోని స్త్రీ. బాలుడు చదివినది జర్మన్ బడులలో. వీధిలో వినబడినవి వేరే భాషలు. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, బజారులో మరొక భాషగా పెరగడం ఎలాంటిదో రాష్ట్రాల సరిహద్దుల్లో నివసించే మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

తండ్రి దుకాణంలోని సీసాలు, చూర్ణాలు, త్రాసులే ఆయనకు తొలి పాఠశాల. పట్టణం ఇటలీ పాలన కిందికి వెళ్ళిన తరువాత ఆయన చదువు ఆస్ట్రియాలోని విలాఖ్, గ్రాజ్ పట్టణాలలోను, ఆపైన పోలండులోను సాగింది. 1926 నాటికి కుటుంబం పోలండు చేరింది. క్రాకోవ్ నగరంలోని ప్రాచీనమైన యగెల్లోనియన్ విశ్వవిద్యాలయంలో ఆయన మొదట ఔషధశాస్త్రం చదివి 1929లో పట్టా పొందారు. మనసు మాత్రం రసాయనశాస్త్రంపైనే ఉండేది. 1931లో సేంద్రియ రసాయనశాస్త్రంలో డాక్టరేటు సాధించి, అక్కడే ఆచార్య కరోల్ జివోన్‌స్కీ వద్ద సహాయకునిగా చేరారు.

క్రాకోవ్‌లో ఆయన పరిశోధించినవి మందులు కావు, రంగులు. బట్టలకు అద్దే కృత్రిమ వర్ణద్రవ్యాల తయారీలో ఉపయోగపడగల కొన్ని సమ్మేళనాలను ఆయన తయారుచేశారు. రంగులుగా అవి పనికిరాలేదు. కాని ఆ సమ్మేళనాల స్వభావం, వాటిని తయారుచేసే పద్ధతి ఆయన జ్ఞాపకంలో నిలిచిపోయాయి. ఇరవై ఏళ్ళ తరువాత, మరొక ఖండంలో, ఆ పనికిరాని రంగులే ఆయనకు అక్కరకు వచ్చాయి.

ప్రాణాలు అరచేత పట్టుకొని

పోలండులో యూదులపై ద్వేషం పెరుగుతున్న రోజులవి. ఎంత ప్రతిభ ఉన్నా యూదుడైన స్టెర్న్‌బాక్‌కు విశ్వవిద్యాలయంలో స్థిరమైన ఉద్యోగం దొరికే ఆశ లేకపోయింది. 1937లో ఒక విద్యార్థి వేతనంతో ఆయన వియన్నా చేరారు. అక్కడినుండి స్విట్జర్లాండులోని జూరిచ్ నగరానికి వెళ్ళి, ప్రసిద్ధ శాస్త్రవేత్త లియోపోల్డ్ రుజిచ్కా ప్రయోగశాలలో పనిచేశారు. ఆ రుజిచ్కాకు 1939లో నోబెల్ బహుమతి లభించింది. జూరిచ్‌లో తాను అద్దెకున్న ఇంటి యజమానురాలి కుమార్తె హెర్టాతో స్టెర్న్‌బాక్‌కు పరిచయమై, అది వివాహానికి దారితీసింది.

1940లో ఆయన బాసెల్ నగరంలోని హాఫ్‌మన్-లా రోష్ ఔషధ సంస్థలో చేరారు. అప్పటికి యూరపు ఖండమంతా యుద్ధాగ్నిలో ఉంది. నాజీ సేనలు స్విట్జర్లాండులోకి కూడా వస్తాయేమోననే భయం అందరినీ పీడించేది. రోష్ సంస్థ తన యూదు శాస్త్రజ్ఞులను అమెరికా పంపడానికి పూనుకుంది. 1941లో స్టెర్న్‌బాక్ దంపతులు ఫ్రాన్సు, స్పెయిన్, పోర్చుగల్ మీదుగా ప్రయాణించి, ఓడ ఎక్కి అమెరికా చేరారు. న్యూజెర్సీ రాష్ట్రంలోని నట్లీ పట్టణంలో ఉన్న రోష్ ప్రయోగశాల ఆయన కార్యక్షేత్రమైంది. ఆ తరువాత ఆయన మరే సంస్థకూ మారలేదు.

నట్లీలో ఆయన సాధించిన తొలి ఘనకార్యం బయోటిన్ అనే విటమినును పారిశ్రామికంగా తయారుచేసే విధానం. సహచరుడు గోల్డ్‌బర్గ్‌తో కలిసి దానిని రూపొందించారు. ఈ ఒక్క పనితోనే సంస్థలో ఆయనకు మంచి స్థానం ఏర్పడింది. ఆయనను చరిత్రలో నిలబెట్టిన పని మాత్రం ఇంకా ముందుంది.

నిద్రకు వెల ప్రాణమైన రోజులు

ఆ పని విలువ తెలియాలంటే అప్పటి నిద్రమాత్రల సంగతి కొంత చెప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో నిద్రకు, ఆందోళనకు వైద్యులు ఇచ్చినవి ప్రధానంగా బార్బిట్యురేట్లు. వీటి మేలుచేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. నిద్ర రాలేదని ఒకటికి నాలుగు వేసుకున్నవారు మళ్ళీ లేవకపోవడం నిత్యం జరిగేది. 1962లో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో మరణానికి కారణమైనవి కూడా బార్బిట్యురేట్, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులే.

1955లో అమెరికా విపణిలోకి మిల్‌టౌన్ అనే కొత్త మాత్ర వచ్చింది. దానిలోని మందు మెప్రొబమేట్. ఆందోళనను తగ్గించే మాత్ర అనగానే జనం ఎగబడ్డారు. ఇతర సంస్థలకూ అటువంటి మందు ఒకటి కావలసి వచ్చింది. రోష్ తన రసాయన శాస్త్రజ్ఞులకు ఆ పని అప్పగించింది. అందరూ మిల్‌టౌన్ అణువునే కొద్దికొద్దిగా మార్చి తమ మందుగా చూపాలని ప్రయత్నిస్తుండగా, స్టెర్న్‌బాక్ ఆ దారిన వెళ్ళలేదు. క్రాకోవ్‌లో తాను వదిలివచ్చిన రంగుల సమ్మేళనాలను మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. వాటిని గురించి ఇతరులెవరూ పెద్దగా పరిశోధించలేదు. వాటిని మార్చి కొత్తవి చేయడం సులభం. పైగా ఆ పని ఆయనకు ఇష్టం. ఆయన ఎంపికకు కారణాలు ఇంతే.

అలమరలోని సీసా

పరిశోధన మొదలుపెట్టగానే ఒక సంగతి బయటపడింది. క్రాకోవ్ రోజుల్లో ఆ సమ్మేళనాల నిర్మాణం ఒక విధంగా ఉంటుందని అందరూ భావించారు. వాస్తవానికి అది వేరుగా ఉంది. అయినా ఆయన వెనుదీయక సుమారు నలభై కొత్త సమ్మేళనాలను తయారుచేసి పరీక్షలకు పంపారు. ఒక్కటీ పనిచేయలేదు. పై అధికారులు ఇక చాలునన్నారు. ఆ పని కట్టిపెట్టి సూక్ష్మజీవి నాశక ఔషధాల పని చూడమన్నారు. చివరగా మిథైలమీన్ అనే పదార్థంతో కలిపి తయారుచేసిన ఒక సమ్మేళనం పరీక్షకైనా వెళ్ళకుండా అలమరలో ఉండిపోయింది.

1957 వసంతకాలంలో ప్రయోగశాలను శుభ్రం చేస్తున్నారు. బల్లలమీద పేరుకుపోయిన గిన్నెలు, సీసాలు పారవేస్తుండగా, సహచరుడు ఎర్ల్ రీడర్ కంటికి ఆ పాత సమ్మేళనపు స్ఫటికాలు కనిపించాయి. కొన్ని వందల మిల్లీగ్రాములు మాత్రమే ఉన్నాయి. పారవేయాలా, పరీక్షకు పంపాలా అనే ప్రశ్న వచ్చింది. స్టెర్న్‌బాక్ పంపించమన్నారు. గొప్ప ఆశతో కాదు. ఫలితం రాదని తేలితే, ఆ అధ్యాయాన్ని ఒక వ్యాసంతో ముగించవచ్చుననుకున్నారు. దానికి ఆర్ఓ 5-0690 అని సంఖ్య వేశారు.

ఔషధ ప్రభావాలను పరీక్షించే విభాగానికి లోవెల్ రాండల్ అధిపతి. 1957 జులైలో ఆయన పంపిన నివేదిక అందరినీ ఆశ్చర్యపరచింది. ఎలుకలకు ఆ మందు ఇచ్చి వాలుగా పెట్టిన తెరమీద నిలిపితే, కండరాలు సడలి కిందికి జారుతున్నాయి. అయినా మత్తులో పడిపోవడం లేదు, కదిలిస్తే చురుకుగా నడుస్తున్నాయి. మిల్‌టౌన్ కంటే ఈ మందు శక్తిమంతం. చంపగల మోతాదు మాత్రం పనిచేసే మోతాదుకు ఎంతో దూరంలో ఉంది. బార్బిట్యురేట్లలో లేని గుణం సరిగ్గా ఇదే.

మిగిలిన నలభైలో లేని మహిమ దీనిలో ఎలా వచ్చిందో స్టెర్న్‌బాక్ ఆ తరువాత ఛేదించారు. మిథైలమీన్ కలిపినప్పుడు అణువులోని ఆరు కణుపుల వలయం తెరచుకొని ఏడు కణుపుల వలయంగా మారింది. ఆయన ఊహించని మార్పు అది. ఆ ఏడు కణుపుల వలయమే బెంజోడయాజిపైన్. ఈ మందును గురించి అదృష్టం అన్న మాట తరచుగా వినవస్తుంది. అది నిజమే. కాని ఆ సీసాను చెత్తబుట్టలో వేయకుండా ఆపినది అదృష్టం కాదు, మొదలుపెట్టిన పనిని పూర్తిచేయకుండా వదలని అలవాటు.

లిబ్రియం, వేలియం

స్టెర్న్‌బాక్ ఆ మందును మొదట తనమీదనే పరీక్షించుకున్నారు. మోకాళ్ళు కొంత సడలినట్లు, నిద్ర ముంచుకొస్తున్నట్లు అనిపించిందని తన నమోదులలో రాసుకున్నారు. రోగులపై జరిగిన తొలి పరీక్ష మాత్రం దాదాపు ఈ కథను అక్కడికే ముగించింది. వృద్ధులకు మోతాదు మరీ ఎక్కువగా ఇచ్చినందున వారికి మాట ముద్దయింది, నడక తడబడింది. సంస్థ మందును వదులుకోవడానికి సిద్ధపడింది. తక్కువ మోతాదుతో టెక్సాస్‌కు చెందిన ఇర్విన్ కోహెన్ మొదలైన మనోవైద్యులు మళ్ళీ పరీక్షించాకనే దాని మేలు బయటపడింది. వృద్ధుల దేహం ఈ మందును తట్టుకోలేదన్న పాఠం తొలిరోజే దొరికిందన్నమాట. ఆ పాఠాన్ని లోకం ఎన్నోసార్లు మరచిపోయింది.

1960లో క్లోర్‌డయాజిపాక్సైడ్ అనే ఆ మందు లిబ్రియం పేరుతో అమ్మకానికి వచ్చింది. సమతుల్యతను సూచించే మాటనుండి ఆ పేరు పుట్టింది. స్టెర్న్‌బాక్ అంతటితో ఆగలేదు. ఆ అణువులో అవసరం లేని భాగాలను తొలగిస్తూ, మరింత సరళమైన, శక్తిమంతమైన మరొక అణువును సాధించారు. అదే డయాజిపామ్. 1963లో అది వేలియం అయింది. బలంగా, ఆరోగ్యంగా ఉండటమనే అర్థం గల లాటిన్ ధాతువునుండి ఆ పేరు తీసుకున్నారు.

1969 నుండి 1982 వరకు అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన మందు వేలియం. 1978లో దాదాపు 230 కోట్ల వేలియం మాత్రలు అమ్ముడయ్యాయి. నైట్రాజిపామ్, ఫ్లూరాజిపామ్, క్లోనాజిపామ్, ఫ్లూనైట్రాజిపామ్ కూడా స్టెర్న్‌బాక్ బృందం కృషితోనే వచ్చాయి. భారతదేశంలో ర్యాన్‌బాక్సీ సంస్థ 1960ల చివర డయాజిపామ్‌ను కాంపోజ్ పేరుతో విడుదల చేసింది. ఆ సంస్థ ఎదుగుదలకు తొలి మెట్టు ఆ మాత్రే. మన ఊళ్ళలో అది ఇంటింటి పేరయింది.

ఒకే వంశం, వేర్వేరు గుణాలు

ఈ మందులు ఎలా పనిచేస్తాయో కనిపెట్టినది స్టెర్న్‌బాక్ కాదు, వేరే శాస్త్రజ్ఞులు. 1977లో డెన్మార్కులోను, రోష్ బాసెల్ ప్రయోగశాలలోను పరిశోధకులు మెదడులో ఈ మందులు అంటుకునే ప్రత్యేక స్థానాలున్నాయని వేరువేరుగా నిరూపించారు. మెదడులో గాబా అనే రసాయనం ఉంది. నాడీకణాల ఉద్రేకాన్ని అణచడం దాని పని. ఈ మందులు గాబా స్థానంలో తాము కూర్చోవు. గాబా చేసే పనికే బలం చేకూరుస్తాయి. వంశంలోని మందులన్నీ చేసేది ఈ ఒక్క పనే. ఆందోళన తగ్గించడం, నిద్ర తెప్పించడం, కండరాలు సడలించడం, మూర్ఛను ఆపడం అనే నాలుగు గుణాలూ అన్నిటిలోను ఎక్కువ తక్కువలుగా ఉంటాయి.

అయితే ఇన్ని మాత్రలెందుకు? ముఖ్యమైన తేడా కాలంలో ఉంది. దేహంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధాయువు అంటారు. ట్రయాజోలామ్‌కు అది రెండు నుండి ఐదు గంటలు. అల్ప్రాజోలంకు సుమారు పదకొండు గంటలు. లోరాజిపామ్‌కు పది నుండి ఇరవై గంటలు. నైట్రాజిపామ్‌కు ఒక రోజు పైమాట. క్లోనాజిపామ్‌కు రోజున్నర వరకు, ఒక్కొక్కరిలో అంతకుమించి. డయాజిపామ్ ఇరవై నుండి యాభై గంటలు ఉంటుంది, పైగా దేహంలో అది మారి ఏర్పడే పదార్థం మరికొన్ని రోజులు నిలుస్తుంది. ఫ్లూరాజిపామ్ సంగతీ అంతే.

ఈ అంకెల అర్థం రోగికి ప్రతి ఉదయం తెలుస్తుంది. ఎక్కువకాలం నిలిచే మాత్రతో రాత్రి నిద్ర బాగా పట్టినా, మరునాటి పగలంతా మబ్బుగా ఉంటుంది. రోజూ వేసుకుంటే నిన్నటి మందు మీద నేటి మందు చేరుతుంది. వృద్ధులు రాత్రి లేచి తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడానికి ఇదొక కారణం. త్వరగా దిగిపోయే మాత్రతో మబ్బు ఉండదు. కాని అది దిగిపోయే వేళకు ఆందోళన రెట్టింపై తిరిగి వస్తుంది, మరో మాత్రను కోరుతుంది. అల్ప్రాజోలం వాడేవారికి ఇది బాగా అనుభవమే. లోరాజిపామ్, ఆక్సాజిపామ్ కాలేయానికి తక్కువ పని పెడతాయి కనుక కాలేయ రోగులకు వైద్యులు వాటిని ఎన్నుకుంటారు.

మరొక భ్రమ కూడా ఉంది. అర మిల్లీగ్రాము మాత్ర కదా, పది మిల్లీగ్రాముల మాత్రకంటే తేలికైనదని చాలామంది తలుస్తారు. ఇంగ్లండుకు చెందిన ఆచార్యురాలు హెదర్ ఆష్టన్ రూపొందించిన పట్టిక ప్రకారం అర మిల్లీగ్రాము అల్ప్రాజోలం, అర మిల్లీగ్రాము క్లోనాజిపామ్, ఒక మిల్లీగ్రాము లోరాజిపామ్, పది మిల్లీగ్రాముల డయాజిపామ్ ఇంచుమించు సమానం. ఇతర పట్టికల్లో కొంత భేదం ఉన్నా సారం ఒక్కటే. మాత్రపై అంకె చిన్నదైనంత మాత్రాన మందు చిన్నది కాదు.

అలమరలోనే ఉండిపోయిన హెచ్చరిక

ఈ వంశంలో ఎవరి గుణమేదైనా అందరికీ ఉన్న దోషం ఒకటుంది. కొన్ని వారాలు వాడేసరికి మెదడు ఆ సహాయానికి అలవాటుపడి, తన సొంత నిగ్రహశక్తిని తగ్గించుకుంటుంది. అప్పుడు హఠాత్తుగా మాత్ర మానితే అణచిపెట్టిన ఉద్రేకమంతా ఒక్కసారి పైకి వస్తుంది. నిద్ర ఉండదు, చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కొందరికి మూర్ఛలు వస్తాయి.

ఇది చాలా కాలం తరువాత తెలిసిన సంగతి కాదు. లిబ్రియం వచ్చిన మరుసటి ఏడే, 1961లో, అమెరికా వైద్యుడు లియో హాలిస్టర్ బృందం దీనిని ప్రకటించింది. నెలల తరబడి పెద్ద మోతాదులు తీసుకున్న పదకొండుమందికి తెలియకుండా మందు ఆపి ఉత్త మాత్ర ఇవ్వగా, పదిమందిలో లక్షణాలు కనబడ్డాయి. ఇద్దరికి మూర్ఛలు వచ్చాయి. అంత పెద్ద మోతాదు మామూలుగా ఎవరిస్తారని వైద్యలోకం సరిపెట్టుకుంది. చిన్న మోతాదులతో కూడా అదే జరుగుతుందని నమ్మడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. స్టెర్న్‌బాక్ సీసా అలమరలో కొద్దికాలం ఉంటే, ఒకరు దుమ్ము దులిపి పరీక్షకు పంపారు. ఈ హెచ్చరికను దులిపి చూడడానికి అమ్మకాల సందడిలో ఎవరికీ తీరిక దొరకలేదు.

1979లో అమెరికా సెనేటులో ఎడ్వర్డ్ కెన్నెడీ అధ్యక్షతన ఈ మందులపై విచారణ జరిగింది. మాత్రకు బానిసలై, మానలేక నరకం చూసినవారు అక్కడ తమ గాథలు చెప్పుకున్నారు. వారిలో వైద్యులు కూడా ఉన్నారు. ఇంగ్లండులో హెదర్ ఆష్టన్ 1982 నుండి 1994 వరకు న్యూకాజిల్‌లో ప్రత్యేక వైద్యశాల నడిపి, ఈ మందులను మానే మార్గం రూపొందించారు. త్వరగా దిగిపోయే మాత్రనుండి నెమ్మదిగా దిగే డయాజిపామ్‌కు మార్చి, దానిని వారాలు, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించడం ఆ పద్ధతి. 1988లో బ్రిటన్ ఔషధ భద్రతా సంఘం ఈ మందులు రెండు నుండి నాలుగు వారాలు మించి ఇవ్వరాదని సూచించింది. 2020లో అమెరికా ప్రభుత్వం ఈ వంశపు మందులన్నిటిపైనా అలవాటు, మానివేత ప్రమాదాలను గురించి పెట్టెగీతల హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. హాలిస్టర్ చెప్పిన నాటికీ ఈ ఆదేశానికీ మధ్య 59 ఏళ్ళు గడిచాయి.

మన నేలమీద ఆ అణువు

మన తెలుగు నేలమీద ఈ అణువు మరొక దారిన కూడా ప్రవేశించింది. తెలంగాణలో కల్లుకు మత్తు హెచ్చించడానికి డయాజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ పొడులు కలపడం చాలాకాలంగా సాగుతున్న దురాచారం. ఆ కల్లు తాగేవాడు తాను మందు తీసుకుంటున్నానని ఎరుగడు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో కల్తీపై అధికారుల దాడులు పెరిగి పొడి దొరకకపోయేసరికి, రోజూ తాగే కూలీలు వణుకుతో, మతి చలించి, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. హాలిస్టర్ పదకొండుమందిలో చూసినదే ఇక్కడ పల్లెపల్లెలా కనిపించింది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. తెలంగాణకు ఆనుకొని ఉన్న మన సరిహద్దు జిల్లాలవారు ఇది పొరుగువారి గొడవ అనుకోవడానికి వీలు లేదు.

భారత ప్రభుత్వం 2013లో ప్రకటించి 2014 మార్చి 1 నుండి అమలుచేసిన హెచ్1 జాబితాలో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్, నైట్రాజిపామ్ ఉన్నాయి. వైద్యుని చీటీ లేకుండా వీటిని అమ్మరాదు. వైద్యుని పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రల సంఖ్య దుకాణదారు ప్రత్యేక పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. ఈ నియమం పుస్తకంలో ఉన్నంత గట్టిగా వీధి చివర దుకాణంలో ఉండదన్నది మనందరం ఎరిగినదే.

మరి ఈ మందులు చెడ్డవా? ఆ మాట అనడం కృతఘ్నత. ఆగని మూర్ఛతో తెచ్చిన పిల్లవాణ్ణి ఆసుపత్రిలో కాపాడేది లోరాజిపామ్ లేదా డయాజిపామ్. ధనుర్వాతంలో విల్లులా వంగిన దేహాన్ని సడలించేది డయాజిపామ్. మద్యం మానేవారిని ప్రమాదంనుండి గట్టెక్కించేది ఈనాటికీ తొలి బిడ్డ అయిన క్లోర్‌డయాజిపాక్సైడే. శస్త్రచికిత్సకు ముందు భయాన్ని తీసేది మిడజోలామ్. ఇవన్నీ గంటల, రోజుల పనులు. ఆ కాలపరిమితిలో ఇవి అమృతప్రాయాలు. సమస్య నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ వస్తుంది. మద్యంతోనో, నల్లమందు జాతి నొప్పిమందులతోనో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం కూడా ఉంది.

చివరి దినాలు

స్టెర్న్‌బాక్ పేరిట 241 పేటెంట్లు నమోదయ్యాయి. ఉద్యోగ నియమం ప్రకారం ఒక్కొక్క పేటెంటు హక్కును ఆయన ఒక్క డాలరుకు సంస్థకు ధారపోశారు. ఆయన అణువులు రోష్‌ను ప్రపంచపు అగ్రశ్రేణి సంస్థలలో నిలబెట్టాయి. ఆయన మాత్రం సామాన్యమైన ఇంట్లో, సామాన్యమైన జీవితం గడిపారు. తనకు ఇష్టమైన పని తాను చేసుకున్నాననే తృప్తి చాలుననుకున్న మనిషి. 1973లో పదవీవిరమణ చేసినా, తొంభై దాటిన వయసులో కూడా నట్లీ కార్యాలయానికి వెళ్ళివస్తుండేవారు. తన మందు ఎంత పెద్దదో తనకు అమ్మకాల లెక్కలు చూశాకనే తెలిసిందనేవారు. తనపై పరీక్షించుకున్నదే తప్ప, వేలియం ఆయన నిత్యం వాడిన మందు కాదు.

2003లో ఆయన కుటుంబంతో నార్త్ కరోలినా రాష్ట్రానికి తరలివెళ్ళారు. 2005లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ పీఠంలో ఆయనకు స్థానం లభించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 28న, 97వ ఏట, చాపెల్ హిల్ పట్టణంలో కన్నుమూశారు. ఆయన జీవితమంతా పనిచేసిన నట్లీ కేంద్రాన్ని రోష్ 2013లో మూసివేసింది. ఆయన సమకూర్చిన ఏడు కణుపుల వలయం మాత్రం మూతపడలేదు. ప్రపంచం నలుమూలలా ప్రతి రాత్రీ అది పనిచేస్తూనే ఉంది.

మన మందుల పెట్టెలో ఆ మాత్ర ఉంటే, ఎప్పుడు, ఎందుకు, ఎన్నాళ్ళకని మొదలుపెట్టామో ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట చేయవలసినది మాత్ర వేయడం కాదు, నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్స అని 2016లో అమెరికా వైద్యుల కళాశాల సిఫారసు చేసింది. ఏళ్ళ తరబడి వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి రేపే మాత్ర ఆపేయకూడదు. అది మరింత ప్రమాదం. వైద్యుని వద్దకు వెళ్ళి, ఎలా తగ్గించాలో అడగాలి. నెమ్మదిగా, వారాల లెక్కన తగ్గిస్తే చాలామంది బయటపడగలరు.

ప్రయోగశాల శుభ్రం చేస్తున్న రోజున ఒక సీసాను స్టెర్న్‌బాక్ పారవేయక, చేతికి తీసుకొని చూశారు. మన పెట్టెలోని మాత్రను మనమూ ఒకసారి చేతికి తీసుకొని, దాని అవసరం ఇంకా ఉందా అని చూడటం ఆయనకు మనం చేయగల గౌరవం.